విరోధి రసాల సాక్ష్యం: నకజావా కేజి ‘హదాషి నో గెన్’

జపాన్ చిత్రకథా ప్రక్రియ అయిన మాంగాలో అణుబాంబు బాధితుడే రచయితగా, చిత్రకారుడుగా నిర్మించిన కృతుల్లో ముఖ్యమైనది నకజావా కేజి (1939–2012) ‘హదాషి నో గెన్’, అంటే ‘చెప్పుల్లేని గెన్’. 1973లో బాలుర వారపత్రిక ‘షోనెన్ జంప్’లో మొదలై, పత్రికలు మారుతూ సాగి, 10 సంపుటాలుగా వెలువడింది. బాలల పత్రికల అతిశయ చిత్రణ ఇందులోని సాక్ష్యాన్ని పలుచన చేస్తుందా అన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న.

1945 ఆగస్టు 6న హిరోషిమాలో ఆరేళ్ల నకజావాను బడి గోడ కాపాడింది. తండ్రి, అక్క, తమ్ముడు మరణించారు. ఆనాడే పుట్టిన చెల్లెలు కొన్ని నెలలకే కన్నుమూసింది. 1966లో తల్లి దహనానంతరం బూడిదే తప్ప ఎముకలు మిగలకపోవడం ఆయనను ఈ ఇతివృత్తం వైపు మళ్లించింది. 1972 నాటి ఆత్మకథాత్మక చిత్రకథకు ఆయన పెట్టిన పేరు ‘ఒరె వా మితా’, అంటే ‘నేను చూశాను’.

హాస్యానికి భయానక కరుణలు విరోధులని సాహిత్యదర్పణకారుడు విశ్వనాథుడి మతం. ‘గెన్’ ఈ నియమాన్ని బుద్ధిపూర్వకంగా అతిక్రమిస్తుంది. చర్మం వేలాడుతూ నడిచే క్షతగాత్రుల పక్కనే గెన్ పాటలు, దెబ్బలాటలు ఉంటాయి. పిల్లల బొమ్మల్లో నవ్వించే బోడితల ఇక్కడ రేడియేషన్ వ్యాధి లక్షణం. అనాథ ర్యూతా ప్రవేశంతో కథలోకి నవ్వు తిరిగొస్తుంది. కాని అతని ముఖం చనిపోయిన తమ్ముడు షింజీది. ఇక్కడ హాస్యం కరుణను భంగపరచదు. దాన్ని పాఠకుడు భరించగలిగేలా చేస్తుంది.

అయితే చివరి సంపుటాల్లో చిత్రం చేయవలసిన పనిని సంభాషణ లాక్కుంటుంది, పాత్రలు ఉపన్యసిస్తాయి. అది శిల్పలోపమే.

‘మౌస్’ రచన తొలిదశలో ఈ కృతిని చదివిన ఆర్ట్ స్పీగెల్‌మన్ దీని ఆంగ్లానువాదానికి ముందుమాట రాశాడు. స్వదేశంలో మాత్రం మత్సుయె నగర పాఠశాలల్లో విద్యార్థులకు దీన్ని స్వేచ్ఛగా అందనీయకుండా విధించిన ఆంక్ష 2013లో వివాదాస్పదమై రద్దయింది. 2023లో హిరోషిమా నగర శాంతి విద్యా పాఠ్యసామగ్రి నుంచి దీన్ని తొలగించారు. మత్సుయెలో అభ్యంతరం జపాన్ సైన్యపు దుశ్చర్యల చిత్రణపై వచ్చింది. యుద్ధాన్ని వ్యతిరేకించి దేశద్రోహి అనిపించుకున్న తండ్రి, వివక్షకు గురైన కొరియా పొరుగువాడు పాక్ ఈ కథలో ఉన్నారు. కాబట్టి నకజావా పాఠకుడిని బాధితుడి పట్ల జాలి దగ్గరే ఆగనీయడు. బాధ్యతను గురించి అడుగుతాడు. ఈ కృతి బరువు ఆ ప్రశ్నలో ఉంది. బాలల చిత్రశైలి ఆ బరువును తగ్గించలేదు. పిల్లల చేతికి కూడా అందించింది.