వేగం చూసి కొనే యంత్రం కాదు

తెరుబలి, రాయగడ, కోరాపుట్ వైపు ఎవరికైనా నోట్లో మానని పుండు ఉండి ముక్క తీస్తే, ఆ ముక్క ప్రయాణం ఇక్కడితో ఆగదు. రిపోర్టు చెడుగా వస్తే స్లైడునూ ఆ ముక్కను పొదిగిన మైనం దిమ్మనూ సంచిలో పెట్టుకుని పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా విశాఖ రైలెక్కుతారు. అక్కడ కేజీహెచ్‌లోనో, అగనంపూడిలోని హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రిలోనో మరో పెథాలజిస్టు ఆ స్లైడును మళ్లీ చూస్తారు. కోరాపుట్‌లో 2017లో షహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ మొదలయ్యాక దగ్గర్లోనే పరీక్షలు చేయించుకునే వీలు పెరిగింది. అయినా పెద్ద వైద్యానికి విశాఖ దారి పట్టేవాళ్లు ఉంటూనే ఉన్నారు. అందుకే ఈ ప్రాంతంలో ఏ ల్యాబైనా స్లైడ్లకు కవర్‌స్లిప్ పరిచే యంత్రం కొనాలనుకుంటే గంటకు ఎన్ని పరుస్తుందన్నది మొదటి ప్రశ్న కాకూడదు. ఈ స్లైడు మరో ఊళ్లో, మరొకరి మైక్రోస్కోపు కింద, ఏళ్లు గడిచాక ఎలా కనబడుతుందన్నదే మొదటి ప్రశ్న.

ఆ పలుచని గాజు మీద అంత ఆధారపడి ఉందా అని అడగవచ్చు. ఉంది. మైక్రోస్కోపు కటకం పక్కన 0.17 అని చెక్కి ఉంటుంది. కవర్‌స్లిప్ మందం అన్ని మిల్లీమీటర్లు ఉంటుందన్న లెక్కతోనే ఆ కటకాన్ని తయారుచేస్తారు. గాజు కింద డీపీఎక్స్ జిగురు ఎక్కువైతే అదీ మందంలోకే వస్తుంది, నలభై రెట్ల కటకం కింద కణకేంద్రకాల అంచులు మసకబారతాయి. మన పొరుగున శ్రీకాకుళం జిల్లాలో అడ్డపొగ (చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని) తాగేవారి అంగిట్లో మార్పులపై 1971లో వెలువడిన అధ్యయనం కోసం 10,169 మంది గ్రామస్థులను పరీక్షించారు. అలాంటి మచ్చల్లో ఏది ఊరకే మందమెక్కిన పొర, ఏది కేన్సర్ వైపు నడుస్తున్నది అని తేల్చడానికి పెథాలజిస్టు చూసేది ముఖ్యంగా ఆ కేంద్రకాలనే. జైలీన్ అనే ద్రావకంలోంచి తీసిన స్లైడు జిగురు పడేలోగా ఆరిపోయిందంటే కేంద్రకాలపై గాలి చిక్కి, గోధుమరంగు తళుకు మచ్చలు కమ్ముతాయి. దాన్ని సరిచేయాలంటే గాజు ఊడేదాకా మళ్లీ జైలీన్‌లో నానబెట్టాలి. జిగురు గట్టిపడిన పాత స్లైడైతే ఒక రోజు దాటినా ఆశ్చర్యం లేదు. కాబట్టి వరుస వచ్చేదాకా స్లైడును జైలీన్‌లోనే ముంచి ఉంచి, ప్రతిదానికీ ఒకే కొలతలో జిగురు వేసే యంత్రాన్నే ఎంచుకోవాలి. యంత్రం నిజంగా చేసే మేలు ఈ ఒకే తీరుతనమే.

యంత్రాల్లో రెండు రకాలున్నాయి. ఒకటి గాజును పరుస్తుంది. రెండోది జిగురు పూసిన ప్లాస్టిక్ ఫిల్మును చుట్టలోంచి కత్తిరించి అంటిస్తుంది. ఫిల్ముది వేగం, అది త్వరగా ఆరుతుంది, పగలదు, అరల్లో తక్కువ చోటు పడుతుంది. రోజుకు వందల స్లైడ్లు చేసే నగరపు ల్యాబులకు ఇవన్నీ పెద్ద సుగుణాలే. అయితే ఫిల్ము గాజు కంటే తేలిగ్గా గీతలు పడుతుంది. జైలీన్ చాలినంత తగలకపోతే అంచులు లేచి కొన్నాళ్లకు ఊడివస్తుంది. స్లైడ్లను కనీసం పదేళ్లు భద్రపరచాలని అమెరికన్ పెథాలజిస్టుల కాలేజీ నియమం. సంచుల్లో ప్రయాణం చేసి ముసురులో నానే స్లైడుకు నేనైతే గాజునే కోరతాను. గాజుకూ ఇక్కడ ఒక చిక్కుంది. వర్షాకాలంలో ప్యాకెట్ విప్పి వదిలేస్తే కవర్‌స్లిప్‌లు తేమకు ఒకదానికొకటి అతుక్కుంటాయి. యంత్రం పీల్చుకునే రబ్బరు కప్పు రెండింటిని కలిపి లేపుతుంది, లేదా ఏదీ లేపలేక ఆగిపోతుంది. విప్పిన ప్యాకెట్లను సిలికా జెల్‌తో మూత బిగించిన డబ్బాలో ఉంచడం ఇక్కడ తప్పనిసరి.

పాతికో యాభయ్యో స్లైడ్లకు ఇంత ఖర్చెందుకు, చేత్తో చేసే టెక్నీషియన్ ఉండగా అని అంటారు. ఆ మాటలో నిజముంది. చెయ్యి తిరిగినవారు స్లైడుపై చుక్క వేసి, గాజును ఒక పక్క నుంచి వంచి మెల్లగా దించితే ఒక్క బుడగ కూడా మిగలదు. అయితే ఆ పని చేసే ముక్కు జైలీన్‌కు జానెడు దూరంలో ఉంటుంది. గాలిలో జైలీన్‌కు 100 పీపీఎం పరిమితిని దశాబ్దాలుగా పాటించిన అమెరికా పరిశ్రమల ఆరోగ్య నిపుణుల సంఘం ఏసీజీఐహెచ్ దాన్ని 2021లో 20కి దించింది. జైలీన్ ఆవిరి దాదాపు 27 డిగ్రీల దగ్గరే నిప్పు తగిలితే అంటుకోగలదు. మన వేసవిలో ఏ గది అంత చల్లగా ఉంటుంది? కాబట్టి డబ్బు ఒక్కదానికే సరిపోయేటట్టుంటే ముందు కొనాల్సింది ఆవిరిని బయటికి పంపే హుడ్. దాని కింద చేత్తో చేసిన పని, హుడ్ లేని గదిలో యంత్రం చేసే పనికన్నా మేలు. స్లైడ్లు పెరిగి, ఒకే మనిషి రోజంతా ఆ బల్ల దగ్గరే నిలబడాల్సి వచ్చినప్పుడు యంత్రం కొనడం న్యాయం. దానికీ ఆవిరి గొట్టం తగిలించాల్సిందే. లోపలి బొగ్గు వడపోత ఎంతకాలానికి మార్చాలో, ఒక్కోటి ఎంతవుతుందో ముందే అడిగి తెలుసుకోవాలి.

ధర చూసి తొందరపడేవారికి ఇంకొక మాట. టెండరులో యంత్రం వెల ఒక్కటే పోలిస్తే తక్కువదే గెలుస్తుంది. ఆ కంపెనీ గాజు తప్ప వేరేది పట్టదంటే మూడేళ్లలో ఆ తేడా కరిగిపోతుంది. మామూలు మార్కెట్ గాజుతో, ఇక్కడ దొరికే డీపీఎక్స్‌తో నడుస్తుందా? కరెంటు పోతే చేతిలో ఉన్న స్లైడు జైలీన్‌లోకి వెనక్కి వెళ్తుందా, గాలికి ఆరిపోతుందా? మరమ్మతు ఇంజనీరు విశాఖ నుంచి వస్తాడా, భువనేశ్వర్ నుంచా, ఎన్ని రోజుల్లో? వీటికి జవాబులు కాగితం మీద రాయించుకోవాలి. ప్రదర్శన కూడా కంపెనీ ఏసీ గదిలో వద్దు. ఆగస్టులో, మన ల్యాబులో, మన స్లైడ్ల మీదే చేయమనాలి. అలా చేసిన వాటిలో కొన్నింటిని ఆరాక విశాఖ పెథాలజిస్టుకు పంపి, ఆయన మాట విన్నాకే సంతకం పెట్టాలి.