సంతకానికీ ఒడికీ నడుమ: అంతర్దేశీయ దత్తత చిత్రాల్లో నిరీక్షణ – ఒక పరిశీలన

ప్రవేశిక

దత్తత ఇతివృత్తంగా వచ్చిన కథలు, చిత్రాలు ఎక్కువగా రెండు ఘట్టాల చుట్టూ తిరుగుతాయి. సంతానం లేని దంపతుల ఆరాటం మొదటిది. పెరిగి పెద్దయిన బిడ్డ తన మూలాలను వెతుక్కొంటూ బయలుదేరడం రెండవది. ఈ రెండింటి నడుమ విమర్శకులు అంతగా పట్టించుకోని ఒక కాలం ఉంది. పెంపుడు తల్లిదండ్రులు బిడ్డ పుట్టిన దేశానికి వెళ్తారు. అక్కడే ఒక హోటల్లోనో అద్దెగదిలోనో వారాలు, నెలలు ఉంటారు. బిడ్డ ఒడిలోకి వచ్చినా పత్రాలు చేతికి రావు. పాలు కలపడం, జోకొట్టడం, పేరు పెట్టి పిలవడం మొదలవుతాయి. చట్టం దృష్టిలో మాత్రం ఆ బంధం ఇంకా ఏర్పడలేదు.

ఈ నడిమి కాలాన్నే ప్రధాన వస్తువుగా తీసుకొన్న చిత్రాలు రెండు. జాన్ సేల్స్ దర్శకత్వంలో 2003లో వచ్చిన ‘కాసా దె లోస్ బేబీస్’ ఒకటి. బెర్‌ట్రాండ్ తావెర్నియే 2004లో తీసిన ఫ్రెంచి చిత్రం ‘హోలీ లోలా’ మరొకటి. వీటికి తోడుగా మణిరత్నం ‘కన్నత్తిల్ ముత్తమిట్టాల్’ను, అంటే 2002లో తెలుగు ప్రేక్షకులు ‘అమృత’గా చూసిన చిత్రాన్ని పరిశీలిస్తే ఒక ప్రశ్న స్పష్టమవుతుంది: పత్రం పూర్తికావడంతో కథ పూర్తవుతుందా? పూర్తయితే, అది ఎవరి కథ?

ఇచ్చేవారు కనిపించే దత్తత

తెలుగువారికి దత్తత కొత్త విషయం కాదు. వంశం నిలవడానికి, ఆస్తికి వారసుడు ఉండడానికి, పితృకర్మలు సాగడానికి జ్ఞాతుల బిడ్డనో దగ్గరి బంధువుల బిడ్డనో తెచ్చుకోవడం పాత ఆచారం. 1956 నాటి హిందూ దత్తత, భరణ చట్టం ఈ ఆచారంలోని సారాన్ని నిలుపుకొంది. దత్తహోమం తప్పనిసరి కాదని చెబుతూనే, బిడ్డను నిజంగా ఇవ్వడమూ పుచ్చుకోవడమూ జరగాలని 11వ సెక్షన్‌లో నిర్దేశించింది. ఇచ్చే చేయి, పుచ్చుకొనే చేయి ఒకే చోట ఉండాలన్నది ఇందులోని భావన. పెండ్లిలో అప్పగింతలకు ఉన్న బరువే దీనికీ ఉంది. ఎవరు ఎవరికి ఇస్తున్నారో పదిమందీ చూస్తారు, ఇచ్చినవారి దుఃఖానికి కూడా అక్కడ చోటుంటుంది.

అయితే ఈ సంప్రదాయాన్ని ఆదర్శంగా చూడడం తగదు. దేవకీ యశోదల కథను పెంపుడు మమతకు పరాకాష్ఠగా చెప్పుకొంటాం. ఆ రాత్రి యశోద పొత్తిలి నుంచి ఆమె కన్న ఆడబిడ్డను ఆమెకు తెలియకుండానే తీసుకుపోయారన్న సంగతి మాత్రం అంతగా గుర్తుకు రాదు. యశోద పెంచిన తల్లి మాత్రమే కాదు, అడగకుండానే బిడ్డను పోగొట్టుకొన్న కన్నతల్లి కూడా. సమ్మతి లేని ఇవ్వడం పురాణంలోనే ఉంది. దానికి మాటలు ఇచ్చినవారే తక్కువ.

అంతర్దేశీయ దత్తతలో ఇచ్చే చేయి చట్టరీత్యానే తెర వెనక్కి వెళ్తుంది. 1993 మే 29న కుదిరిన హేగ్ ఒడంబడిక ప్రకారం కన్నవారి సమ్మతి స్వేచ్ఛగా ఇచ్చినదై ఉండాలి. డబ్బు ఆశ చూపి రాబట్టినది కాకూడదు. తల్లి సమ్మతి ప్రసవం తరువాతే తీసుకోవాలి. ఆ నిబంధనలు తీరేవరకు పెంచబోయేవారికీ కన్నవారికీ మధ్య సంపర్కం ఉండరాదని 29వ అధికరణం సాధారణ నియమంగా చెబుతుంది. బేరసారాలను అరికట్టడం దీని ఉద్దేశం, అది న్యాయమైనదే. దాని ఫలితంగా ఇచ్చినవారి స్థానంలో సంస్థ, ముఖం స్థానంలో సంతకం నిలిచాయి.

రెండు భాషలు, ఒక గది

సేల్స్ చిత్రంలో ఆరుగురు స్త్రీలు పేరు చెప్పని ఒక లాటిన్ అమెరికా దేశంలో సెన్యోరా మున్యోస్ నడిపే హోటల్లో ఉంటారు. దత్తతకు ముందు కొంతకాలం ఆ దేశంలో నివసించాలన్నది అక్కడి నియమం. అందుకే వారికి రోజులన్నీ ఒకేలా గడుస్తాయి. సముద్రతీరం, భోజనాల బల్ల, లాయరు కబురు కోసం ఎదురుచూపు. శీర్షికలోనే చిత్ర దృక్పథం ఉంది. స్పానిష్ పదబంధం చివర ఆంగ్ల పదం అతికించి ఉండడం ఆ ఇంటికి వచ్చే గిరాకీ ఎక్కడిదో చెబుతుంది.

దర్శకుడు కథనాన్ని ఆ ఆరుగురికే అప్పగించలేదు. పని దొరకని మేస్త్రీ, వీధిబాలలు, గర్భవతి అయిన పసివయసు అమ్మాయి, హోటల్ యజమానురాలి కొడుకు, గదులు ఊడ్చే అసున్సియోన్, అందరికీ కెమెరా చోటిస్తుంది. వచ్చినవారి నిరీక్షణ పక్కనే ఉన్నవారి నిరీక్షణను నిలుపుతుంది. డాలర్లున్న నిరీక్షణకు గడువు ఉంది, లేని నిరీక్షణకు గడువే లేదు.

చిత్రానికి ఆయువుపట్టు ఐలీన్, అసున్సియోన్‌ల సన్నివేశం. ఐర్లండు నుంచి బోస్టన్‌కు వలస వచ్చిన ఐలీన్ తనకు రాబోయే కూతురితో గడపబోయే ఒక మంచు రోజును ఊహించి ఇంగ్లీషులో చెబుతుంది. అసున్సియోన్ తాను ఉత్తరాదికి ఇచ్చేసిన కూతురి గురించి స్పానిష్‌లో చెబుతుంది. ఒకరి మాట మరొకరికి అర్థం కాదు. ప్రేక్షకుడికి మాత్రం రెండూ అర్థమవుతాయి. చట్టం కలవనివ్వని ఇద్దరిని, అంటే ఇచ్చిన చేతిని, పుచ్చుకోబోయే చేతిని, దర్శకుడు ఒకే గదిలో కూర్చోబెట్టాడు. అసున్సియోన్ కన్నది ఐలీన్ పెంచబోయే బిడ్డను కాదు. అందువల్లనే ఈ సన్నివేశం యాదృచ్ఛిక కలయిక స్థాయికి జారకుండా నిలిచింది. అప్పగింతలు జరగని చోట అప్పగింతలకు ప్రత్యామ్నాయంగా ఇది పనిచేస్తుంది.

లోపం లేకపోలేదు. మిగిలిన స్త్రీలలో పలువురు ఒక్కో లక్షణానికి కుదించుకుపోయారు. ముఖ్యంగా నాన్ పాత్ర దురుసుతనానికి ప్రతీకగానే మిగిలి, ఆమె భయం ఏమిటో తెలుసుకొనే అవకాశం ప్రేక్షకుడికి తక్కువగా దక్కుతుంది. అందరికీ సమానంగా చోటివ్వాలన్న నియమం పాత్రల లోతును తగ్గించింది.

కాగితాల కథనం

‘హోలీ లోలా’ ఇందుకు భిన్నమైన దారి తీసుకొంది. పల్లె వైద్యుడు పియేర్, అతని భార్య జెరాల్దీన్ బిడ్డ కోసం కంబోడియా రాజధాని నాంపెన్‌కు వస్తారు. తమలాంటి ఫ్రెంచి దంపతులు దిగిన వసతిగృహంలో ఉంటూ అనాథాశ్రమాల చుట్టూ తిరుగుతారు. బిడ్డ కనిపించిన తరువాత కూడా సంతకాలు, ముద్రలు, అనుమతులు మిగిలే ఉంటాయి. సాధారణంగా చిత్రాలు రెండు దృశ్యాల్లో దాటేసే ఈ కార్యాలయ యాత్రను తావెర్నియే కథనానికి వెన్నెముకగా చేశాడు. వరండాల్లో పడిగాపులు, మధ్యవర్తుల గుసగుసలు, ఇవ్వాలో వద్దో తేలని లంచం, పక్కగది దంపతులకు ముందుగా బిడ్డ దొరికినప్పుడు పుట్టే ఈర్ష్య, ఇవన్నీ ఇక్కడ కథలో భాగాలే.

ఈ పద్ధతి వల్ల ఒక సత్యం బయటపడింది. మమత ఫైలు కోసం ఆగదు. బిడ్డను ఎత్తుకొన్న మరుక్షణం నుంచి పెంపుడు తల్లికి ఆ కాగితంలోని ప్రతి లోపమూ బెదిరింపుగానే కనిపిస్తుంది. సమ్మతి సరిగా తీసుకొన్నారా అని అడగవలసిన మనిషికే ఆ ప్రశ్న అడగడం అసాధ్యమవుతుంది. నిరీక్షణలోని నైతిక ప్రమాదం ఇదే. బంధం ఎంత ముందుగా బలపడితే విచారణ అంత కష్టమవుతుంది.

తావెర్నియే ఈ ప్రమాదాన్ని గుర్తించాడు. యుద్ధం మిగిల్చిన గాయాలు, పిల్లల వ్యాపారపు నీడ చిత్రంలో ఉన్నాయి. అయినా దృష్టికోణం చివరిదాకా దంపతులదే. ఖ్మేర్ ప్రజలు ఎక్కువగా అధికారులుగా, దళారులుగా, ఆయాలుగా కనిపిస్తారు. ఐలీన్‌కు ఎదురుగా అసున్సియోన్ కూర్చొన్నట్లు జెరాల్దీన్‌కు ఎదురుగా తన కథ చెప్పుకొనే కన్నతల్లి ఎవరూ కూర్చోరు. చిత్రం నిజాయితీగా చూపిన కాగితాల గుట్ట వెనుక ఆమె కనుమరుగైంది.

ప్రశ్నించే బిడ్డ

‘అమృత’లో దత్తత ఆరంభం ఒక నిబంధనతో ముడిపడి ఉంది. రామేశ్వరం శరణార్థి శిబిరంలో పుట్టిన పసిపాపను పెంచుకోవాలనుకొన్న రచయితకు పెళ్లి కానందువల్ల అడ్డంకి వస్తుంది. ఇందిరతో వివాహం ఆ అడ్డంకిని తొలగిస్తుంది. బిడ్డ కోసం కుటుంబం ఏర్పడడం ఇక్కడి విశేషం. పత్రం పూర్తయిన చోట ఈ చిత్రం ఆగదు. తొమ్మిదేళ్ల పాప నిజం తెలుసుకొని, కన్నతల్లిని చూడాలని పట్టుబట్టి శ్రీలంకకు వెళ్తుంది. అక్కడ తల్లి ఎదుట పడి ప్రశ్నలు అడుగుతుంది.

భావోద్వేగాన్ని పాటలతోనూ సంగీతంతోనూ పెంచే ధోరణి ఈ చిత్రంలో ఎక్కువే. అయితే తక్కిన రెండు చిత్రాల్లో లేనిది దీనిలో ఉంది. సమ్మతి చెప్పే వయసు లేనప్పుడు తన పేరున జరిగిన నిర్ణయాన్ని బిడ్డే విచారిస్తుంది. మూడు చిత్రాలను కలిపి చూస్తే, మొదటిదానిలో ఇచ్చినవారు, రెండవదానిలో పుచ్చుకొన్నవారు, మూడవదానిలో ఇవ్వబడిన బిడ్డ మాట్లాడుతున్నారు.

తండాల సందర్భం

ఈ చర్చ తెలుగు నేలకు దూరమైనది కాదు. 1999–2001 మధ్య హైదరాబాదులోని కొన్ని దత్తత సంస్థలపై కేసులు వచ్చాయి. నల్లగొండ జిల్లా దేవరకొండ ప్రాంతపు లంబాడా తండాల నుంచి ఆడశిశువులను కొద్దిపాటి సొమ్ముకు మధ్యవర్తులు సేకరించారన్న విషయం అప్పుడు వెలుగులోకి వచ్చింది. పేదరికం, ఆడపిల్ల కావడం వంటి కారణాలపై బిడ్డను వదులుకొనే పద్ధతిని 2001లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధించింది. అంతకు ముందే, 1984లో లక్ష్మీకాంత్ పాండే కేసులో సుప్రీంకోర్టు అంతర్దేశీయ దత్తతకు విధివిధానాలు నిర్దేశించి ఉంది. నియమాలు ఉండగానే తండా తల్లి వేలిముద్ర సరుకుగా మారింది.

ఆ రోజుల్లో విదేశీయులు 1890 నాటి సంరక్షకుల చట్టం కింద ఇక్కడ సంరక్షకత్వం పొంది, తమ దేశంలో దత్తత పూర్తిచేసుకొనేవారు. అంటే ‘పూర్తి’ అనే ఘట్టమే కన్నతల్లికి అందనంత దూరంలో జరిగేది. 2015 నాటి బాలల న్యాయ చట్టం బిడ్డను అప్పగించిన తల్లిదండ్రులకు పునరాలోచనకు 60 రోజుల గడువిచ్చింది. కథనపరంగా చూస్తే ఇది కన్నతల్లికి చట్టం గుర్తించిన నిరీక్షణ. పెంచబోయేవారి నిరీక్షణ గురించి సినిమాలు వచ్చాయి. ఈ 60 రోజుల కథను ఒక తండా తల్లి వైపు నుంచి చెప్పే నవలకు తెలుగు సాహిత్యంలో అవసరం ఉంది.

ముగింపు

పై పరిశీలన వల్ల కొన్ని నిర్ధారణలకు రావచ్చు. అంతర్దేశీయ దత్తతలో న్యాయపరమైన ముగింపునే కథకు ముగింపుగా తీసుకొన్న రచన పుచ్చుకొన్నవారి కథగానే మిగిలిపోతుంది. నిరీక్షణ కాలాన్ని వివరంగా చిత్రించడం మంచిదే. కాని ఎదురుచూస్తున్నది ఒక్క పక్షమే అన్నట్లు చిత్రిస్తే ఆ వివరమే అసత్యమవుతుంది. ఈ దృష్టితో ‘కాసా దె లోస్ బేబీస్’, పాత్రచిత్రణలో లోటున్నా, ‘హోలీ లోలా’ కంటే ఒక మెట్టు పైన నిలుస్తుంది. రెండు చిత్రాల్లోనూ వినిపించని బిడ్డ గొంతును ‘అమృత’ వినిపించింది. పెంపకం గొప్పదా, కనడం గొప్పదా అన్న పాత వాదం ఈ కథలను చదవడానికి చాలదు. ఇచ్చినవారికి, పుచ్చుకొన్నవారికి, ఇవ్వబడినవారికి ఒక రచనలో మాట దక్కిందా లేదా అన్నదే దత్తత కథనాలను తూచడానికి తగిన ప్రమాణం.