పేజీకి ఆరు కొత్త మాటలు

కోల్‌కతా దగ్గరి బడ్జ్ బడ్జ్‌లో ఏడో తరగతి పిల్లాడి చేతికి ఇంగ్లీషు రీడరు ఇచ్చి చూడండి. మొదటి పేరా దాటేలోపే వాడు నాలుగు చోట్ల ఆగిపోతే లోపం వాడిలో కాదు, పుస్తకం కూర్చినవాడి చేతిలో ఉంది. ఈ సంగతిని వందేళ్ల కిందట బెంగాల్లోనే మాటలు లెక్కపెట్టి మరీ తేల్చినవాడు మైకేల్ వెస్ట్.

ఢాకా టీచర్స్ ట్రైనింగ్ కాలేజీకి ఆయన ప్రిన్సిపాల్. అప్పట్లో ఢాకా, బడ్జ్ బడ్జ్ ఒకే రాష్ట్రంలోవి. చాలామంది పిల్లలు చదువు మధ్యలోనే మానేస్తారని ఆయనకు తెలుసు. బీమా పాలసీ సగంలో వదిలేసినా ఎంతో కొంత చేతికొస్తుంది కదా, ఆ ‘సరెండర్ వాల్యూ’ని ఆయన చదువుకూ వర్తింపజేశాడు. బడి మానేసినవాడికి ఇంగ్లీషులో ఏం మిగలాలి? ముందు చదవడం మిగలాలన్నాడు. గంజాం, శ్రీకాకుళం వైపు నుంచి మనవాళ్లు కూడా వెళ్లి పనిచేసిన, బడ్జ్ బడ్జ్ లాంటి చోట్ల ఉన్న హుగ్లీ జూట్ మిల్లుల దగ్గర ఇది ఉత్త సిద్ధాంత చర్చ కాదు.

లాంగ్‌మన్స్ వేసిన ఆయన న్యూ మెథడ్ రీడర్లలో పనితనం రెండు చోట్ల కనిపిస్తుంది. మొదటిది ఏరివేత. ‘ఐల్’ తీసి ‘ఐలండ్’, ‘మోడ్’ తీసి ‘వే’, ‘గ్రూమ్’ తీసి ‘సర్వెంట్’ పెట్టాడు. రెండోది నాకు మరీ నచ్చినది, ఎడం పాటించడం. దాదాపు యాభై మాటలకు ఒక్కటే కొత్త మాట. వచ్చిన మాట ఆ పేరాలోనే మళ్లీ మళ్లీ పలకరిస్తుంది. మూడొందల మాటల పేజీలో కొత్తవి ఆరే అన్నమాట. మిగతా రెండొందల తొంభై నాలుగూ ఆ ఆరింటికి అర్థం చెబుతుంటాయి. పిల్లాడికి మాత్రం కథ చదువుతున్నట్టే ఉంటుంది.

1935లో ఎండికాట్‌తో కలిసి తెచ్చిన నిఘంటువులోనూ ఇదే పట్టుదల. సుమారు 24 వేల మాటలకు, పదబంధాలకు 1,490 మాటల్లోనే అర్థాలు చెప్పారు. ఒక మాట కోసం తెరిస్తే మరో మూడు వెతికించే నిఘంటువులతో వేగినవాళ్లకు ఆ నిగ్రహం విలువ తెలుస్తుంది.

నష్టం లేకపోలేదు. ‘ఐల్’ పోయిన చోట కథలోని సముద్రపు గాలి కూడా కొంత పోతుంది. మాట్లాడటాన్ని వెనక్కి నెట్టాడన్న విమర్శలోనూ నిజముంది. కానీ ఇరుకు బెంచీలు, ఎండ, నలభై యాభై మంది పిల్లలున్న తరగతుల గురించి 1960లో రాసిన పుస్తకంలో ఆయన దానికీ ఒక ఉపాయం చెప్పాడు. పిల్లాడు ఒక ముక్క లోలోపల చదువుకోవాలి. పుస్తకం మీంచి తల ఎత్తాలి. ఎదుటివాడి మొహం చూస్తూ ఆ ముక్క చెప్పాలి. తల దించుకుని అప్పజెబితే లెక్కలోకి రాదు.