అరవై దాటితే వణుకు

విజయవాడ ఆటోనగర్‌కు వచ్చే ట్రైలర్ లారీ డ్రైవర్లు తరచూ చెప్పే ఫిర్యాదు ఇది: “అరవై దాటితే బండి వణుకుతోంది మేస్త్రీ గారూ!” పని రానివాడు వెంటనే టైర్లు మార్చమంటాడు. అసలైన మేస్త్రీ స్పానర్ ముట్టడు, అడుగుతాడు. వణుకు స్టీరింగ్‌లోనా, సీటు కిందా? లోడుతోనా, ఖాళీగానా? యాక్సిలరేటర్ తొక్కితేనా, వదిలితేనా? ఈ మాటలతోనే సగం బండి అనుమానంలోంచి తప్పుకుంటుంది.

తర్వాత హైవే ఎక్కుతాడు. వణుకు మొదలైన వేగంలో, ఖాళీగా తిన్నగా ఉన్న రోడ్డు చూసి ఒక్క క్షణం క్లచ్ నొక్కిస్తాడు. ఇంజన్ చప్పుడు పడిపోయినా వణుకు తగ్గలేదంటే ఇంజన్ తప్పు లేనట్టే. ఇక మిగిలేవి చక్రాలు, ఇంజన్ శక్తిని వెనక చక్రాలకు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్. వీటిని విడదీసేది లెక్క. లారీ టైరు చుట్టుకొలత దాదాపు 3.2 మీటర్లు. గంటకు 72 కిలోమీటర్లంటే సెకనుకు 20 మీటర్లు, అంటే చక్రం సెకనుకు ఆరుసార్లకు కాస్త పైగా తిరుగుతుంది. వెనక యాక్సిల్ నిష్పత్తి ఆరు అనుకుంటే షాఫ్ట్ 37 సార్లు తిరుగుతుంది. చక్రం తేడా అయితే దబదబమనే ఊపు, షాఫ్ట్ తేడా అయితే ఝుమ్మనే జలదరింపు. ఆ తేడాను మేస్త్రీ గేర్‌రాడ్ మీద అరచెయ్యి ఆనించి చెప్పేస్తాడు. చూసి తీరాల్సిన విద్య!

ట్రైలర్ విప్పాక ఆయన గొప్పతనం ఇంకా బయటపడుతుంది. ముందు బండిని ఒక్కదాన్నే నడిపితే వణుకు పోయిందనుకోండి. లోపం ట్రైలర్‌దేనని చాలామంది తేల్చేస్తారు. మంచి మేస్త్రీ తొందరపడడు. ట్రైలర్ ముందు భాగం ఆనే ఫిఫ్త్ వీల్ మీద టన్నుల బరువు పడితే కమాన్ పట్టీలు అణుగుతాయి, షాఫ్ట్ కోణం మారుతుంది. షాఫ్ట్ కొసల్లోని కీలునే మేస్త్రీలు క్రాస్ అంటారు. కోణంలో తిరిగే క్రాస్ ప్రతి చుట్టులో రెండుసార్లు వేగం పెంచి, రెండుసార్లు తగ్గిస్తుంది. ముందు క్రాస్ తెచ్చిన ఆ హెచ్చుతగ్గును వెనక క్రాస్ సరిచేయాలి. అందుకు రెండు కోణాలూ సమానంగా, షాఫ్ట్ రెండు కొసల ఫోర్కులూ ఒకే వరసలో ఉండాలి. అందుకే అంతే లోడున్న ఇంకో ట్రైలర్ తగిలించి చూస్తాడు. మళ్ళీ వణికిందా, లోపం ముందు బండిలోనే.

అప్పుడు బండి కింద పడుకుని, కిరసనాయిలు గుడ్డతో, షాఫ్ట్ రెండు ముక్కలు పళ్ళతో కలిసే స్లిప్ జాయింట్ మీది గ్రీజు తుడుస్తాడు. మడ్డి కింద రెండు బాణం గుర్తులు కనిపిస్తాయి. అవి ఎదురెదురుగా లేవంటే, లోగడ ఎవరో షాఫ్ట్ విప్పి పళ్ళు తప్పించి బిగించారన్నమాట. గుర్తులు కలిస్తే క్రాస్ ఊడదీసి, సూది బేరింగులు తిరిగే చోట గోటితో గీరి చూస్తాడు. గాడి తగిలితే దాని ఆయుష్షు తీరినట్టే.

ట్రైలర్‌దే తప్పయితే, యాక్సిల్ తిన్నగా ఉందో లేదో చూడ్డానికి, ఫిఫ్త్ వీల్‌లో దిగే కింగ్‌పిన్ నుంచి యాక్సిల్ రెండు కొసలకూ టేపు లాగి కొలుస్తాడు. జాకీ మీద చక్రం లేపి, టైరు పక్కన సుద్దముక్క కదలకుండా పట్టుకుని తిప్పుతాడు. ఉబ్బిన చోటే సుద్ద అంటుతుంది.

క్రాస్ అనే ఈ కీలు గుణాన్ని 17వ శతాబ్దంలోనే రాబర్ట్ హుక్ వివరించాడు. అమెరికాలో క్లారెన్స్ స్పైసర్ దాన్ని కారుకు తగ్గట్టు మలిచి 1903లో పేటెంట్ పొందాడు. మహానుభావులే. కానీ అది ఎక్కడ అరిగిందో పట్టే చెయ్యి మాత్రం ఆటోనగర్‌ది.

షోరూముల్లో లాప్‌టాప్ తగిలిస్తారు. ఎర్రర్ కోడ్ రాకపోతే లోపమే లేదంటారు. అరిగిన క్రాస్‌కు సెన్సార్ ఎక్కడుంది? ఇటు బజారులో పేరున్న డబ్బాల్లో డూప్లికేట్ క్రాసులు. వంగిన షాఫ్టుకు వెల్డింగ్ పెట్టి, బ్యాలెన్స్ చూడకుండానే రంగు పూసి అమ్మేస్తున్నారు. నిమిషానికి రెండు వేలకు పైగా తిరిగే ఇనుము అది. ఊడిపడితే వెనక వచ్చే బైకువాడి గతేమిటి? ఇది వ్యాపారం కాదు, దుర్మార్గం.

ఇంత విద్యకు దక్కేదేమిటి? పార్టు మారిస్తే డబ్బు, లోపం కనిపెడితే వట్టి మెచ్చుకోలు. సగం రోజు కష్టపడి రెండు బాణాలు కలిపి బిగించినవాడికి టీ ఖర్చులిచ్చి పంపుతారు. టైర్లు, క్రాసులు, సెంటర్ బేరింగ్ అన్నీ మార్చి వణుకు అలాగే వదిలేసినవాడికి వేలల్లో బిల్లు కడతారు. ఇలాగైతే ఏ కుర్రాడు ఈ పని నేర్చుకుంటాడు?

లారీ ఓనర్ల సంఘాలు తలచుకుంటే ఇది మారుతుంది. లోపం పట్టినందుకు బిల్లులో విడిగా కూలి రాయించండి. ఐటీఐ డీజిల్ మెకానిక్ విద్యార్థులకు ఈ మేస్త్రీల చేతే పాఠం చెప్పించండి. ఆ పాఠం బోర్డు మీద కాదు, లోడుతో ఉన్న ట్రైలర్ దగ్గర జరగాలి.