తస్వీరులో మనం

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ - ఏ ఊరి స్టూడియోలోనైనా ఫొటోగ్రాఫర్ మనల్ని కాస్త నవ్వమంటాడు. పత్రికల్లో మాత్రం ముస్లింకు రెండే రూపాలు: ఈద్గాలో వంగిన టోపీల వరస, లేదంటే బెదిరిన ముఖం.

2002 మార్చిలో ఆర్కో దత్తా తీసిన ఫొటోలో కుతుబుద్దీన్ అన్సారీ చేతులు జోడించి ప్రాణభిక్ష అడుగుతాడు. గుజరాత్ మారణకాండకు అది తిరుగులేని సాక్ష్యం. కాని ఆ దర్జీకి తన ముఖమే బరువైంది. పోయినచోటల్లా గుర్తుపట్టారు. ఊళ్లు మారాడు.

డానిష్ సిద్దిఖీ చూపు వేరు. 2017లో ఆయన తీసిన రోహింగ్యా స్త్రీ పడవ దిగి ఒడ్డును చేత్తో తాకుతుంది. ఆమె ఎవరినీ వేడుకోదు. చేరిన నేలను తడిమి చూసుకుంటుంది. బాధ అదే, మర్యాద మిగిలింది. ఆయన 2021లో అఫ్ఘనిస్తాన్ యుద్ధంలో హతుడయ్యాడు.

ఓరుగల్లు భరత్ భూషణ్ 2022లో కన్నుమూసేదాకా బతుకమ్మను, పల్లె ఆడవాళ్లను, ఇంటి తలుపులను ఓపికగా తీశాడు. ఆ ఓపిక మన గల్లీలకూ కావాలి. కుట్టుమిషన్ మీద వంగిన ఆపా, పంచరు వేసే మామూ, జాన్‌పహాడ్ ఉర్సుకు కలిసొచ్చే హిందువులూ ముస్లింలూ - వీళ్లను ఎవరు తీస్తారు?

దర్జీని దర్జీగా చూపే ఫొటో కావాలి. అందుకు కెమెరా మన పిల్లల చేతికీ రావాలి.