జాంగో డిఫాల్ట్ టెంప్లేట్ ఇంజన్: ఒక విమర్శ

జాంగోలో కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టగానే, సెట్టింగ్స్ ఫైలులో టెంప్లేట్ ఇంజన్ ముందే ఎంపికై ఉండటం మీరు గమనిస్తారు. ఆ ఎంపిక ఎవరి కోసం జరిగింది? జాంగో అమెరికాలోని కాన్సాస్‌లో ఒక దినపత్రిక కార్యాలయంలో పుట్టి, 2005లో విడుదలైంది. పేజీలు తీర్చే డిజైనరుకు పైథాన్ రానవసరం లేదన్నది దాని ఆలోచన. అందుకే టెంప్లేటులో పైథాన్ రాయనివ్వదు. ఫంక్షనును ఆర్గ్యుమెంట్లతో పిలవనివ్వదు. జింజా పిలవనిస్తుంది. 2015 నాటి 1.8 వెర్షన్ నుంచి జాంగోలో జింజాను కూడా వాడుకోవచ్చు. డిఫాల్ట్ మాత్రం మారలేదు. అడ్మిన్ పేజీలన్నీ పాత భాషలోనే ఉన్నాయి మరి.

ఈ కట్టుబాటును నేను తప్పుపట్టను. లెక్కలు వ్యూలో ఉండటమే మేలు. నా అభ్యంతరం వేరు. ఫీజు బకాయిని చూపే వేరియబుల్ పేరులో ఒక అక్షరం తప్పు రాశారనుకోండి. జాంగో ఎర్రర్ చూపదు, ఆ చోటును ఖాళీగా వదిలేస్తుంది. ఇఫ్ షరతులో అదే తప్పు దొర్లితే బకాయి లేనట్లే లెక్క. హెచ్చరిక ఎవరికీ కనిపించదు. ఖాళీకి బదులు ఒక గుర్తు ముద్రించే సెట్టింగు ఉంది గాని, ఇఫ్ షరతుకు అది వర్తించదు. జింజా కూడా మామూలుగా ఖాళీయే చూపుతుంది. అయితే స్ట్రిక్ట్ అన్‌డిఫైన్డ్‌ను ఎంచుకుంటే ఇఫ్‌లోనూ ఎర్రర్ ఇస్తుంది. ఇంట్లో ఒంటరిగా అభ్యాసం చేసే మీకు ఈ తేడా చిన్నది కాదు. ఒక పేరును కావాలనే తప్పు రాసి, రెండు ఇంజన్లలోనూ నడిపి చూడండి.