గుమ్మం దగ్గర ఆగిపోయిన శిక్షణ: ఖతర్‌లో సహిత విద్య

2007 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ ఏప్రిల్ 2ను ప్రపంచ ఆటిజం అవగాహన దినంగా ప్రకటించింది. ఆ తీర్మానాన్ని ముందుకు తెచ్చిన దేశం ఖతర్. అప్పటికే దోహాలో ప్రత్యేకావసరాలు గల పిల్లల కోసం షఫల్లా కేంద్రం నడుస్తోంది. 2004లో వారి హక్కులపై ఒక చట్టం వచ్చింది. 2008లో ఖతర్ అంతర్జాతీయ వికలాంగుల హక్కుల ఒడంబడికకు ఆమోదం తెలిపింది. 2016లో ఆటిజం ఉన్న పిల్లల కోసం ఖతర్ ఫౌండేషన్ రెనాద్ అకాడమీని తెరిచింది. చిన్న దేశానికి ఇది చిన్న ప్రయత్నం కాదు. అయితే ఈ వరుసను నింపాదిగా చూస్తే ఒకటి స్పష్టమవుతుంది: ఇందులో పేరు గడించినవన్నీ ప్రత్యేక సంస్థలే. మామూలు బడిలో, మామూలు తరగతిలో, మామూలు పంతులమ్మ ముందు కూర్చున్న పిల్లవాడి గురించి ఈ భవనాలు చెప్పగలిగేది తక్కువ.

ఒడంబడికలోని 24వ అధికరణ ఈ విషయంలో మొహమాటపడలేదు. బ్రెయిలీ, సంజ్ఞాభాష తెలిసిన ఉపాధ్యాయులను, వైకల్యం ఉన్న ఉపాధ్యాయులను కూడా నియమించాలనీ, బోధనా సిబ్బంది అందరికీ శిక్షణ ఇవ్వాలనీ అది ప్రభుత్వాలను కోరింది. 2016లో వెలువడిన నాలుగవ సాధారణ వ్యాఖ్య ఇంకో అడుగు ముందుకు వేసి బహిష్కరణ, వేరుచేత, విలీనం, సమ్మిళితం అనే నాలుగింటినీ విడదీసి చూపింది. పిల్లవాణ్ణి తెచ్చి తరగతిలో కూర్చోబెట్టి, పాఠ్యక్రమాన్నీ బోధననూ ఉన్నవి ఉన్నట్టే వదిలేస్తే అది సమ్మిళితం కాదని తేల్చింది. తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలు ఈ చదువును సహిత విద్య అంటాయి. మాట బాగుంది. ఎవరితో సహితం, ఎంతవరకు సహితం అన్నదే చిక్కు.

ఉపాధ్యాయ శిక్షణపై వచ్చే పరిశోధనలలో, గల్ఫ్‌లో జరిగినవాటితో సహా, పెద్ద భాగం ప్రశ్నావళుల మీద నడుస్తుంది. 'వైకల్యం ఉన్న విద్యార్థికి తగినట్టు పాఠాన్ని మార్చుకోగలనని నాకు నమ్మకం ఉంది' వంటి వాక్యాలకు ఉపాధ్యాయులు అంకెలతో జవాబిస్తారు. 2012లో శర్మ, లోర్‌మన్, ఫోర్లిన్ రూపొందించిన ఆత్మసామర్థ్య కొలమానం ఈ కోవలో బాగా వాడుకలో ఉన్నది. శిక్షణకు ముందు ఒక అంకె, తర్వాత ఇంకొక అంకె; రెండోది పెరిగితే శిక్షణ ఫలించినట్టు. దీనిని కొట్టిపారేయనక్కరలేదు, భయపడే మనిషి ప్రయత్నమే చేయదు. కానీ నమ్మకం కొలిచి నైపుణ్యం కొలిచామనుకోవడం ఒప్పుకోదగిన లెక్క కాదు. సూది వేయగలనన్న ధీమా ఉందా అని అడిగి ఏ వైద్య కళాశాలా హౌస్‌సర్జన్‌ను వార్డులోకి ఒంటరిగా వదలదు. పక్కన నిలబడి చూస్తుంది, చెయ్యి పట్టుకుని దిద్దుతుంది, మళ్ళీ చేయిస్తుంది. ఉపాధ్యాయులకు ఆ పక్కన నిలబడే మనిషే కరువు.

దోహాలోని భారతీయ పాఠశాలలకు వచ్చే ఉపాధ్యాయులు ఎక్కువమంది మన దేశంలో బి.ఎడ్. చేసినవారే. 2014 నిబంధనలు ఆ కోర్సును రెండేళ్ళకు పెంచి, సమ్మిళిత పాఠశాలపై ఒక పాఠ్యాంశం చేర్చాయి. అదీ సగం పేపరే. ప్రత్యేక బి.ఎడ్. భారత పునరావాస మండలి పరిధిలో వేరే దారిన నడుస్తుంది. ఆ విధంగా పాఠం ఒకరిది, పిల్ల ఒకరిది అయిపోయింది. 2016 హక్కుల చట్టం 21 వైకల్యాలను గుర్తించింది. 2021లో సుప్రీంకోర్టు ప్రత్యేక ఉపాధ్యాయుల విషయంలో ఎంతమంది పిల్లలకు ఒకరు ఉండాలో ప్రమాణాలు ప్రకటించాలని చెప్పింది. ఆ తీర్పు అరేబియా సముద్రం దాటదు. దాటి వచ్చేది సిబిఎస్ఇ పరీక్షా మినహాయింపు: వ్రాయసకాడు, గంటకు 20 నిమిషాల అదనపు సమయం. పదో తరగతి పిల్లవాడికి అది నిజమైన మేలే. రెండో తరగతిలో అక్షరాల దగ్గర తడబడే పిల్లవాడికి అది ఎనిమిదేళ్ళ దూరంలో ఉంది. పరీక్షకు సర్టిఫికెట్ కావాలి కనుక తల్లిదండ్రులు వైద్యుణ్ణి వెతుక్కుంటారు. పాఠానికి కావలసినది మాత్రం సర్టిఫికెట్ కాదు.

భాష దగ్గర ఈ సమస్య ఇంకా ముడిపడుతుంది. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు, రెండో భాష హిందీ, పైగా కుడినుంచి ఎడమకు నడిచే అరబిక్. ఏడేళ్ళ పిల్లవాడు చదవలేకపోతే అది కొత్త భాష కష్టమా, డిస్లెక్సియానా? ఇంగ్లీషు ప్రమాణాలతో చేసిన పరీక్ష దీనిని తేల్చలేదు. 2015లో మన దేశంలో డిస్లెక్సియా నిర్ధారణకు తయారైన 'డాలి' సాధనాలు మొదట హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషులలో వచ్చాయి. ఆ తొలి జాబితాలో తెలుగు లేదు. తెలుగు లిపిలో తడబాటు కనబడే తీరు కూడా వేరు: గుణింతం దీర్ఘం పోతుంది, ఒత్తు జారిపోతుంది, ద ధ కలిసిపోతాయి. ఇంగ్లీషు నోటు పుస్తకం చూసి దీనిని పసిగట్టడం కష్టం. అయినా మలయాళమో హిందీయో మాతృభాష అయిన ఉపాధ్యాయురాలు సైతం తల్లిని మూడు ప్రశ్నలు అడగవచ్చు. ఇంట్లో తెలుగులో జరిగిన సంగతి వరుసగా చెబుతాడా? 'కమలం' అంటే ఎన్ని అక్షరాలో చప్పట్లు కొట్టి చెబుతాడా? అందులో మొదటి అక్షరం తీసేస్తే ఏం మిగులుతుందో చెప్పగలడా? ఇవి రోగనిర్ధారణ చేయవు. ఎటు వెతకాలో చూపుతాయి. కథ ధారాళంగా చెప్పి, అక్షరాలు విడదీయలేకపోయే పిల్లవాడికీ, రెండూ చక్కగా చేసి ఇంగ్లీషు దగ్గర మాత్రమే ఆగే పిల్లవాడికీ చేయవలసిన సాయం ఒకటి కాదు. ఈ మూడు ప్రశ్నలు అడగడం ఒక మధ్యాహ్నం పూట నేర్పవచ్చు. వచ్చిన జవాబును బట్టి మర్నాటి పాఠం మార్చుకోవడానికి మాత్రం, తరగతి వెనక కూర్చుని చూసి ఆ సాయంత్రం మాట్లాడే అనుభవజ్ఞురాలు ఒక విద్యా సంవత్సరమంతా కావాలి. ఖర్చు అక్కడ ఉంది, అందుకే ఎవరూ అక్కడికి రారు; ఒక రోజు సదస్సు, ఒక ధృవపత్రం, ఒక ఫొటోతో సరిపెడతారు. పైగా నేర్చుకున్న ఉపాధ్యాయురాలు భర్త ఉద్యోగంతోపాటే దేశం మారిపోవచ్చు.

బడి చేతులెత్తేస్తే గల్ఫ్ తెలుగు కుటుంబానికి మిగిలే దారి తెలిసినదే. తండ్రి దోహాలో ఉంటాడు. తల్లి పిల్లవాడితో హైదరాబాద్ చేరి, బోయినపల్లిలోని జాతీయ సంస్థకో ప్రైవేటు థెరపీ కేంద్రానికో తిరుగుతుంది. దానిని ఎవరూ బహిష్కరణ అనరు, కుటుంబ నిర్ణయం అంటారు. వేసవి సెలవులకు ముందు తిరుగు ప్రయాణానికి ఎన్ని టికెట్లు కొనాలో ఆ ఇంట్లో మాట్లాడుకునే రోజున, ఆ పిల్లవాడి తరగతి ఉపాధ్యాయురాలి అభిప్రాయం ఎవరూ అడగరు. అడిగినా, ఆమె చేతిలో చెప్పడానికి మార్కుల జాబితా తప్ప మరేమీ ఉండదు.